రెప్లికా ప్లేటింగ్‌కి ముందు జాగ్రత్తలు

విజయవాడ ఎండల్లో ఆక్సోట్రోఫ్‌ల ప్రాక్టికల్ చేయబోయే ఎమ్మెస్సీ పిల్లల కోసం ఇది. రెప్లికా ప్లేటింగ్ అంటే ఒక ప్లేటు మీది బ్యాక్టీరియా కాలనీలను వెల్వెట్ గుడ్డతో అదే అమరికలో వేరే ప్లేట్ల మీద అద్దడం. హిస్టిడిన్ లాంటి పోషకాన్ని సొంతంగా తయారుచేసుకోలేని మ్యూటెంట్లే (జన్యువు మారిన కణాలే) ఆక్సోట్రోఫ్‌లు. ఆ పోషకం విడిగా వేస్తేనే పెరుగుతాయి.

☐ అన్నిటికన్నా ముఖ్యం మినిమల్ మీడియం, అంటే గ్లూకోజ్, లవణాల్లాంటి కనీస ఆహారమే ఉండేది. అందులో ఆ పోషకం పిసరంత కలిసినా ఆక్సోట్రోఫ్ పెరిగినట్టే కనిపించి ఫలితం తారుమారవుతుంది. బ్రాత్‌లో (ద్రవ మీడియంలో) పెంచిన కణాలను సెలైన్‌తో రెండుసార్లు కడగండి. మీడియంను గట్టిపరచడానికి బాగా శుద్ధి చేసిన అగరే వాడండి. గ్లూకోజ్‌ని, లవణాలను వేర్వేరుగా ఆటోక్లేవ్ చేసి (ఆవిరి ఒత్తిడితో స్టెరిలైజ్ చేసి), చల్లారాక కలపండి.

☐ ప్లేట్లు ముందురోజే పోసి ఆరబెట్టాలి. మూతకు పట్టిన నీటి బొట్టు జారితే పక్కపక్క కాలనీలు కలిసిపోతాయి, ఇక ఏది ఏదో చెప్పలేం.

☐ వెల్వెట్ కాటన్‌దే తీసుకోండి. 1952లో లెడర్‌బర్గ్ దంపతులు ఈ పద్ధతిని ప్రచురించినప్పుడు వాడిందీ వెల్వెట్టే. దాని నూగు ఒక్కో పోగూ సూదిలా కణాలను అందుకుంటుంది. స్టెరిలైజ్ చేశాక పూర్తిగా ఆరాలి.

☐ ప్రతి ప్లేటు అడుగున ఒకేచోట గుర్తు పెట్టండి. ముందు మినిమల్ ప్లేటు, చివర అన్ని పోషకాలూ ఉన్న కంప్లీట్ ప్లేటు అద్దండి. చివరిదాంట్లో కాలనీ వచ్చిందంటే ముందు ప్లేట్లకూ కణాలు అంటుకున్నాయనే లెక్క.

☐ మ్యూటెంట్లను తెప్పించడానికి యూవీ (అతినీలలోహిత కిరణాలు) వాడుతుంటే ముఖానికి షీల్డ్, చేతులకు గ్లోవ్స్. తర్వాత కణాలను చీకట్లోనే ఉంచండి, వెలుతురు తగిలితే దెబ్బతిన్న డీఎన్‌ఏ బాగుపడుతుంది.

☐ ఫ్యాన్ ఆపండి.

☐ మే నెలలో గది వేడి 40 డిగ్రీలు దాటితే, చల్లబరిచే ఏర్పాటు లేని ఇంక్యుబేటర్ 37 దగ్గర నిలవదు. లోపల థర్మామీటర్ పెట్టి చూసుకోండి.