వెబ్‌లాజిక్ వదిలి ఓపెన్ సోర్స్ సర్వర్‌కు పోవాలంటే యాడ మొదలుపెట్టాల

అనంతపురం, కర్నూలు, కడప పక్క కాలేజీల్లో, చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో వెబ్‌లాజిక్ (ఒరాకిల్‌ది) మీదనో వెబ్‌స్ఫియర్ (ఐబీఎంది) మీదనో, అంటే డబ్బు కట్టి తీసుకునే జావా సర్వర్ల మీద నడిచే పాత జావా అప్లికేషన్లు ఇంకా శానా ఉన్నాయి, ఫీజులదో, స్టోర్స్‌దో, తాడిపత్రి బండల ఫ్యాక్టరీ డిస్పాచ్‌దో. లైసెన్సు రెన్యువల్ దగ్గరపడేటప్పటికి పైనుంచి వచ్చే మొదటి మాట "దీనికి ఫ్రీది ఏదీ లేదా ప్పా" అని. ఉండాది, ఒకటి కాదు అరడజను ఉన్నాయి. అయితే అందరూ "ఏ సర్వర్ మంచిది" అని మొదలుపెట్టి యూట్యూబ్‌లో పోలికలు చూస్తా కూర్చుంటారు, నన్నడిగితే అది తిరగేసిన పని. మీ అప్లికేషన్ ఆ పెద్ద సర్వర్‌తో నిజంగా ఏమేం పని చేయించుకుంటా ఉందో ముందు చూసుకోండి, సర్వర్ పేరు దానంతటదే తేలిపోతుంది.

అది చూసేది ఎట్లంటే, సోర్స్ కోడ్ ఫోల్డర్‌లో "వెబ్‌లాజిక్" అనే పేరు ఎక్కడెక్కడ ఉందో గ్రెప్ (ఫైళ్ళలో మాటను వెతికే కమాండ్) కొట్టండి. ఇంపోర్ట్ లైన్లలో వస్తే అది కోడ్ మార్చే పని, వెబ్‌లాజిక్.ఎక్స్‌ఎంఎల్ లాంటి ఫైళ్ళలో వస్తే అది సెట్టింగులు మార్చే పని, టీ3 అని మొదలయ్యే అడ్రసులు కనపడితే ఒక ప్రోగ్రామ్ ఇంకో సర్వర్‌లో ఉండే ఈజేబీనో (సర్వర్ లోపల నడిచే జావా కోడ్ ముక్క) క్యూనో నెట్‌వర్క్ మీద పిలుస్తా ఉండొచ్చని అర్థం, దాన్ని విడిగా రాసి పెట్టుకోండి. సోర్స్ లేదు, రాసినాయన బెంగళూరు పోయినాడు, వార్ ఫైలు (అప్లికేషన్ మొత్తం కట్టిన మూట) ఒక్కటే మిగిలింది అంటారా, జేడీకేతో (జావా డెవలప్‌మెంట్ కిట్‌తో) పాటే వచ్చే జేడెప్స్ అనే టూల్ ఉంది, వార్ విప్పి లోపల ఉండే క్లాసుల ఫోల్డర్, జార్‌ల మీద దాన్ని నడిపితే ఏ ప్యాకేజీలు వాడుతుందో, ఏవి దొరకలేదో చూపిస్తాది. ఆ తర్వాత నాలుగు ప్రశ్నలు వేసుకోండి చాలు: ఈజేబీలు ఉన్నాయా, జేఎంఎస్ క్యూలు (ప్రోగ్రామ్‌లు ఒకదానికొకటి మెసేజీలు పంపుకునే వరసలు) ఉన్నాయా, ఒకే ట్రాన్సాక్షన్‌లో రెండు డేటాబేసులు గానీ డేటాబేసూ క్యూ రెండూ గానీ కలిసి కమిట్ కావాల్సిన ఎక్స్‌ఏ పని ఉందా, క్లస్టర్ (కొన్ని సర్వర్లు కలిసి ఒకటిగా పనిచేసేది) నిజంగా వాడుతున్నారా లేక కొన్నప్పుడు ఇచ్చినారు కాబట్టి ఊరికే ఉందా.

మన పక్క నేను చూసిన వాటిల్లో జాస్తి అప్లికేషన్లకు ఈ నాలుగింటికీ లేదనే జవాబు. సర్వ్‌లెట్లు, జేఎస్‌పీలు (వెబ్ పేజీలు తయారుచేసే జావా కోడ్), స్ప్రింగ్ అనే ఫ్రేమ్‌వర్క్, ఒక డేటాసోర్స్ (డేటాబేసు కనెక్షన్లు ఇచ్చేది), అంతే. దానికి టామ్‌క్యాట్ అనే చిన్న ఫ్రీ సర్వర్ చాలు. జెట్టీ కూడా చాలు, కానీ మన ఊర్లో టామ్‌క్యాట్ తెలిసిన పిల్లోడు దొరికినంత సులభంగా జెట్టీ తెలిసినోడు దొరకడు, అది కూడా లెక్కలోకి తీసుకోవాల్సిందే కదా.

ఈజేబీలు కొద్దిగా ఉన్నాయంటే టామ్‌ఈఈ చూడండి, అది టామ్‌క్యాట్ మీదనే ఈజేబీ, సీడీఐ (కోడ్ ముక్కలను ఒకదానికొకటి కలిపేది), జేపీఏ (డేటాబేసు పని చేసేది) కలిపి కట్టింది, అపాచీ వాళ్ళదే. జేఎంఎస్, ఎక్స్‌ఏ, ఇయర్ ఫైళ్ళు (వార్‌లు, ఈజేబీలు కలిపి కట్టిన పెద్ద మూటలు) అన్నీ ఉంటే వైల్డ్‌ఫ్లై. జేబాస్ ఏఎస్ అని ఒకప్పుడు ఉండేది, అదే 2014లో వచ్చిన 8వ వెర్షన్ నుంచి వైల్డ్‌ఫ్లై అయింది. రేపు మేనేజ్‌మెంటు "ఫోన్ చేస్తే పలికే సపోర్ట్ కావాల" అంటే రెడ్‌హ్యాట్ దీనికి జేబాస్ ఈఏపీ పేరుతో డబ్బు తీసుకుని సపోర్ట్ ఇస్తాది. వెబ్‌స్ఫియర్ నుంచి వచ్చేవాళ్ళకు ఓపెన్ లిబర్టీ దగ్గర చుట్టం, ఐబీఎం దాన్ని 2017లో ఓపెన్ సోర్స్ చేసింది. గ్లాస్‌ఫిష్ సంగతి చానామంది అడుగుతారు. ఒరాకిల్ 2013లో దాని కమర్షియల్ సపోర్ట్ ఆపేస్తామంది, మరుసటేడు దాన్నుంచే పయారా పుట్టింది, గ్లాస్‌ఫిష్ ఇప్పుడు ఎక్లిప్స్ ఫౌండేషన్ దగ్గర ఉంది. నేర్చుకునేదానికి గ్లాస్‌ఫిష్ బాగుంటాది, ప్రొడక్షన్‌కు ఆ ఇంటిదే కావాలనుకుంటే పయారా వైపు పోండి అంటాను నేను.

ఇప్పుడు అసలు చిక్కు. జావా ఈఈ (ఈజేబీ, సర్వ్‌లెట్ లాంటివన్నీ ఎట్లుండాలో చెప్పే ప్రమాణం) ఎక్లిప్స్ ఫౌండేషన్‌కు పోయినాక జకార్తా ఈఈ అయింది కదా, 2020 చివర్లో వచ్చిన జకార్తా ఈఈ 9లో ప్యాకేజీల పేర్లే మార్చేసినారు, "జావాఎక్స్" అని ఉండేవి "జకార్తా" అయిపోయినాయి. మీ పాత వార్ ఫైలు జావాఎక్స్ పేర్లతో ఉంటాది. దాన్ని తీసుకపోయి టామ్‌క్యాట్ 10లో వేస్తే ఒక్కోసారి ఎర్రర్ కూడా రాదు, సర్వర్ గమ్మున స్టార్ట్ అవుతాది, పేజీ తెరిస్తే 404, లాగ్‌లో ఏమీ ఉండదు, మనిషి బుర్ర బద్దలు కొట్టుకుంటాడు. కారణం ఏమంటే ఆ సర్వర్‌కు మీ సర్వ్‌లెట్లు సర్వ్‌లెట్లుగానే కనపడవు. అందుకే మొదటి మార్పులో టామ్‌క్యాట్ 9, లేదా టామ్‌ఈఈ 8 మీదనే దించండి, అవి పాత పేర్లే చదువుతాయి. వైల్డ్‌ఫ్లైలో పాత పేర్ల ఆఖరు వెర్షన్ 26, 27 నుంచి కొత్తవే, కాబట్టి 26 మీద శాశ్వతంగా కాపురం పెట్టొద్దు, దిగి కుదురుకున్నాక ముందుకు పోవాల. ఈ విషయంలో ఓపెన్ లిబర్టీ హాయి, ఒకే సర్వర్‌లో సర్వర్.ఎక్స్‌ఎంఎల్‌లో ఏ ఫీచర్ రాస్తే ఆ పేర్లతో నడుస్తాది, పాతది కావాలంటే జావాఈఈ 8, కొత్తది కావాలంటే జకార్తాఈఈ 10.

సర్వర్ మార్పు, పేర్ల మార్పు, జావా వెర్షన్ మార్పు మూడూ ఒకేసారి పెట్టుకోవద్దు. ఏది చెడిపోయిందో తెలీదు. పేర్ల మార్పుకు వచ్చినప్పుడు టామ్‌క్యాట్ వాళ్ళ మైగ్రేషన్ టూల్ ఉంది, వార్ ఫైలు ఇస్తే మార్చి ఇస్తాది, లేదంటే టామ్‌క్యాట్ 10లో వెబ్‌యాప్స్-జావాఈఈ అని ఫోల్డర్ చేసి అందులో పాత వార్ వేస్తే అదే మార్చుకుని డిప్లాయ్ చేస్తాది.

డేటాసోర్స్ దగ్గరకొద్దాం, సగం టైము ఇక్కడే పోతాది. వెబ్‌లాజిక్ కన్సోల్‌లో ఎవరో ఎప్పుడో క్లిక్ చేసి పెట్టిన సెట్టింగులన్నీ ముందు పేపర్ మీదికి దించుకోండి, యూఆర్ఎల్, యూజర్, పూల్ సైజు (తెరిచి పెట్టుకునే డేటాబేసు కనెక్షన్ల లెక్క), టెస్ట్ క్వెరీ, టైమవుట్లు. వెబ్‌లాజిక్‌లో కోడ్ ఆ డేటాసోర్స్‌ను నేరుగా "జేడీబీసీ/ఫీడీఎస్" అని వెతికినా దొరుకుతాది, టామ్‌క్యాట్‌లో దానికి ముందు "జావా:కాంప్/ఎన్వ్/" ఉండాల, వైల్డ్‌ఫ్లైలో పేరు "జావా:/" తోనో "జావా:జేబాస్/" తోనో మొదలుకావాల. ఆ పేరును కోడ్‌లోనుంచి తీసి ప్రాపర్టీస్ ఫైలులో పెట్టేస్తే రేపు ఇంకో సర్వర్‌కు పోయినా గొడవ ఉండదు. డ్రైవర్ జార్ (డేటాబేసుతో మాట్లాడే ఫైలు) టామ్‌క్యాట్ లిబ్ ఫోల్డర్‌లో వేయాల, వార్ లోపల ఉంటే చాలదు.

పూల్ సైజు మాత్రం మర్చిపోవద్దు. టామ్‌క్యాట్‌లో రిక్వెస్ట్ థ్రెడ్లు (ఒకేసారి ఎన్ని రిక్వెస్టులు చూసుకుంటాదో) మామూలుగా 200, కానీ దాని సొంత పూల్‌లో మీరేమీ రాయకపోతే కనెక్షన్లు 8 మాత్రమే, పైగా కనెక్షన్ దొరక్కపోతే ఎంతసేపైనా కాచుకుంటాది. మామూలు రోజుల్లో ఏమీ తెలీదు, ఫీజు కట్టే ఆఖరి రోజు పిల్లోళ్ళంతా ఒకేసారి మీద పడితే అన్ని థ్రెడ్లూ ఆ ఎనిమిదింటి కోసం లైన్లో నిలబడి సర్వర్ చచ్చిపోయినట్లు అనిపిస్తాది, సీపీయూ చూస్తే ఖాళీగా ఉంటాది. మాక్స్‌టోటల్ విలువను పాత పూల్‌కు సమానంగా పెట్టండి, మాక్స్‌వెయిట్‌మిల్లీస్ కూడా ఒక పది సెకన్లకు కట్టేయండి, ఎర్రర్ అన్నా వస్తాది.

ఇంకొకటి మన తెలుగోళ్ళకు ప్రత్యేకంగా. ఫారంలో పేర్లు, ఊర్లు తెలుగులో ఎక్కించే అప్లికేషన్ అయితే, వెబ్‌లాజిక్.ఎక్స్‌ఎంఎల్‌లో చార్సెట్ (అక్షరాల ఎన్‌కోడింగ్) సెట్టింగ్ ఉండొచ్చు, కొత్త సర్వర్ ఆ ఫైలునే చూడదు కాబట్టి అది పోతాది, గుంతకల్లు అని ఎక్కిస్తే చెత్త అక్షరాలు సేవ్ అవుతాయి. పాత డేటా బాగానే కనపడతాది, కొత్తగా ఎక్కించేవే చెడిపోతాయి, అందుకే వెంటనే దొరకదు. టామ్‌క్యాట్ 9లో వెబ్.ఎక్స్‌ఎంఎల్‌లో రిక్వెస్ట్ క్యారెక్టర్ ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని ఒక లైను రాయండి, జావా స్టార్టప్‌లో ఫైల్.ఎన్‌కోడింగ్ కూడా యూటీఎఫ్-8 పెట్టండి. జావా 18 నుంచి ఈ రెండోది దానంతటదే యూటీఎఫ్-8 అవుతాది, జావా 8, 11, 17ల్లో మనమే చెప్పాల. అట్లే టైమ్‌జోన్ ఏషియా/కోల్‌కతా అని పెట్టకపోతే రసీదు మీద టైము ఐదున్నర గంటలు వెనక్కి పోయేది ఉంటాది.

సర్వర్ ఫ్రీ అయింది కదా అని జావా సంగతి వదిలేయొద్దు. ఒరాకిల్ జేడీకే 8 అప్‌డేట్లకు 2019 నుంచి కమర్షియల్ వాడకానికి సబ్‌స్క్రిప్షన్ కావాల, 2023లో ఆ లెక్కను సంస్థలో ఉండే మొత్తం ఉద్యోగుల మీదకి మార్చినారు. ఎక్లిప్స్ టెమురిన్ లాంటి ఫ్రీ ఓపెన్‌జేడీకే బిల్డ్ వేసుకోండి, కోడ్ మార్చే పని దాదాపు ఉండదు.

సెక్యూరిటీ గురించి రెండు ముక్కలు. టామ్‌క్యాట్‌ను రూట్ (అన్ని అధికారాలుండే) యూజర్‌తో నడపొద్దు, విడిగా యూజర్ చేసి లైనక్స్ సిస్టమ్‌డీ సర్వీసుగా పెట్టి, ముందర ఎన్జిన్‌ఎక్స్ (రిక్వెస్టులు అందుకుని లోపలికి పంపే వెబ్ సర్వర్) పెట్టి, టామ్‌క్యాట్ పోర్టు 8080 బయటికి కనపడకుండా చేయండి. మేనేజర్, ఎగ్జాంపుల్స్ ఫోల్డర్లు తీసేయండి. 2020లో ఘోస్ట్‌క్యాట్ అని ఒక లోపం బయటపడింది, 8009 పోర్టులో ఉండే ఏజేపీ కనెక్టర్‌ది (ముందరుండే వెబ్ సర్వర్‌తో మాట్లాడేది), 9.0.31లో సరిచేసినారు, కాబట్టి ఎవరో పెన్‌డ్రైవ్‌లో ఇచ్చిన పాత టామ్‌క్యాట్ వాడకుండా కొత్తది దించుకోండి. వైల్డ్‌ఫ్లై అడ్మిన్ కన్సోల్ 9990లో ఉంటాది, దాన్ని లోకల్ అడ్రసు మీదనే ఉంచి ఎస్ఎస్‌హెచ్ టన్నెల్ (భద్రమైన కనెక్షన్) ద్వారా చూసుకోండి. దాంట్లో జేఎంఎస్ కావాలంటే మామూలు స్టాండలోన్ కాన్ఫిగ్‌తో కాదు, స్టాండలోన్-ఫుల్‌తో స్టార్ట్ చేయాల, ఇది తెలీక క్యూ దొరకలేదని శానామంది తిరుగుతారు.

మార్చే రోజు పాత సర్వర్‌ను ఆపకండి. రెండూ ఒకే డేటాబేసు చూస్తా ఉండనీ, కానీ రాత్రిపూట దానంతటదే నడిచే టైమర్ పనులు ఏమైనా ఉంటే వాటిని ఒక వైపు ఆపేయండి, లేకపోతే ఒకే ఎస్ఎంఎస్ ఇద్దరు పంపుతారు. ఎన్జిన్‌ఎక్స్‌లో ముందు ఆఫీసు ఐపీలను మాత్రమే కొత్తదాని వైపు తిప్పి, కౌంటర్‌లో కూర్చునే అక్కతో రోజూ చేసే పనులన్నీ చేయించండి, రసీదు ప్రింటు, ఎక్సెల్ డౌన్‌లోడు, ఫోటో అప్‌లోడు అన్నీ. డెవలపర్ టెస్ట్ చేస్తే లాగిన్ అయి హోమ్ పేజీ చూసి బాగుంది అంటాడు, ఆమె అట్ల కాదు. తర్వాత అందరినీ తిప్పండి. నెలాఖరు రిపోర్టులు ఒకసారి కొత్తదాని మీద సరిగ్గా వచ్చేదాకా పాతదాన్ని అట్లే పెట్టుకుని, ఆ తర్వాత రెన్యువల్ తేదీకి ముందే నోటీసు ఎన్ని రోజులివ్వాలో అగ్రిమెంటులో చూసి, రెన్యూ చేయడం లేదని లెటర్ పంపించండి.