ఇంట్లోనే సినిమా గద – 3వ పాఠం: గుండు కట్టడం

పోయిన పాఠంలో సినిమాను ఒకచోట ఆపి, తెర మీద నటుడి తల పొడవునే కొలబద్దగా పెట్టుకుని గద మొత్తం ఎన్ని తలల పొడవుందో లెక్కేసుకున్నాం, ఆ లెక్క ప్రకారం ఒకటింపావు అంగుళం ప్లంబింగ్ పైపు కోసి పక్కన పెట్టుకున్నాం. మన నమూనా మీకు గుర్తుందిగా, 1957లో వచ్చిన ‘మాయాబజార్’లో ఘటోత్కచుడిగా ఎస్వీ రంగారావు గారు భుజాన వేసుకున్న గద. ఈ వారం దాని గుండు కడదాం. నిజానికి గద అంటే గుండే, పిడి ఎవరైనా చేస్తారు.

పని మొదలుపెట్టే ముందు ఒక్క మాట మనసులో పెట్టుకోండి: గదకు బరువు కనపడాలి, ఉండకూడదు. ఆ సినిమా బ్లాక్ అండ్ వైట్. మార్కస్ బార్ట్లే గారి కెమెరాకు బంగారం, ఇత్తడి అన్న తేడా లేదు, వెలుగు ఎక్కడ పడింది, నీడ ఎక్కడ నిలిచింది, అంతే. 2010లో రంగుల్లో మళ్లీ వచ్చిందనుకోండి, అయినా మన కన్ను నమ్మేది ఆ వెలుగునీడలనే. కాబట్టి గుండు నున్నగా ఉంటే ఎంత మంచి రంగేసినా బంతిలాగే ఉంటుంది. నిలువు గాళ్లు లోతుగా ఉండాలి, గట్లు వేలికి తగలాలి. ఈ పాఠమంతా దాని కోసమే.

ముందు అచ్చు. చాలామంది బెలూన్ వాడమంటారు, నేను వద్దంటాను. పగలు వేడికి లోపలి గాలి ఉబ్బుతుంది, రాత్రి చల్లబడి బెలూన్ కుంచించుకుపోతుంది, తడి కాగితం దాంతోపాటే లోపలికి లాక్కుపోయి సొట్ట పడుతుంది. తిరునాళ్లలో పిల్లలకు కొనే గట్టి ప్లాస్టిక్ బంతి తీసుకోండి, 25 సెంటీమీటర్ల వెడల్పుంటే మన పైపుకు సరిపోతుంది. దానికి కొబ్బరినూనె పట్టించి, ఒక గిన్నె మీద కూర్చోబెట్టండి.

జిగురు ఫెవికాల్‌తో కాకుండా మైదాతో కాచుకుందాం, సినిమా పోస్టర్లు అంటించేవాళ్లు కాచుకునేదే. ఒక కప్పు మైదాను ఒక కప్పు చన్నీళ్లలో ఉండలు లేకుండా కలపండి, పొయ్యి మీద నాలుగు కప్పుల నీళ్లు మరుగుతుండగా అందులో సన్నగా పోస్తూ తిప్పుతూనే ఉండండి. తెల్లగా ఉన్నది కాస్తా గంజిలా మెరుపొచ్చి, గరిటె ఎత్తితే తీగలా జారుతుంది, అప్పుడు దించేయండి. పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం వేయడం పాత పద్ధతి. వేస్తే మాత్రం అది విషమని మర్చిపోకండి, వంటకు వాడని డబ్బాలోకి జిగురు తీసుకుని అందులోనే కలపండి, చేతులకు తొడుగులు వేసుకోండి, పిల్లలు పక్కన కూర్చుని చేస్తుంటే అసలు వేయకండి.

న్యూస్ పేపర్‌ను కత్తెరతో కత్తిరించకండి, చింపండి. చింపిన అంచు నూగులా పల్చగా ఉండి పక్క ముక్కలో కలిసిపోతుంది, కత్తిరించిన అంచు ఎండాక గీతలా కనిపిస్తుంది. ఒక షీటు తీసుకుని నిలువుగా చింపి చూడండి, అడ్డంగా చింపి చూడండి. ఒకవైపు సర్రున తిన్నగా వస్తుంది, రెండోవైపు ఎటో పోతుంది. తిన్నగా వచ్చే వైపునే రెండు వేళ్ల వెడల్పు పట్టీలు చింపుకోండి.

మొదటి పొర ఉత్త నీళ్లతో, జిగురు లేకుండా, లేకపోతే బంతికి అతుక్కుంటుంది. ఆ తర్వాత ఏడు పొరలు జిగురుతో. ఒక పొర మామూలు పేపర్, తర్వాతి పొర గులాబీ రంగు బిజినెస్ పేపర్, ఇలా మార్చి మార్చి వేస్తే ఎక్కడ ఖాళీ మిగిలిందో రంగే చెప్పేస్తుంది. ఒక పూటకు రెండు పొరలే వేయండి. ఇక్కడ తొందరపడితే పైన ఎండినట్టే ఉంటుంది, లోపల తడి మగ్గి వారం తిరక్కుండా బూజు వాసన వస్తుంది. ఫ్యాను కింద ఆరబెట్టి, మర్నాడు చెంపకు ఆనించి చూడండి. చల్లగా తగిలితే ఇంకా తడుందన్నమాట. వేలి కణుపుతో కొడితే టకటకమనాలి, డబడబమంటే ఇంకో రోజు ఆగాలి.

పూర్తిగా ఎండాక నడుము చుట్టూ గీత గీసి హాక్సా బ్లేడుతో కోసి రెండు చిప్పలు చేయండి, బంతి బయటికి తీసేయండి. ఇప్పుడు చెప్పేది మాత్రం చాలా జాగ్రత్తగా చదవండి. నా మొదటి గద మా మేనల్లుడి స్కూల్ వార్షికోత్సవానికి చేశాను. పైపును గుండు అడుగున కన్నం పెట్టి రెండంగుళాలు దూర్చి, చుట్టూ జిగురు పోసి వదిలేశాను. వాడు భీముడి వేషంలో రెండోసారి గిర్రున తిప్పగానే గుండు ఊడి ముందు వరుసలో కూర్చున్న ఒక తాతగారి ఒళ్లో పడింది. కాగితమే కాబట్టి ఆయనకు దెబ్బ తగల్లేదు, కానీ వాడి ముఖం నాకు ఇప్పటికీ గుర్తే, ఉత్త పిడి పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. అందుకే పైపు గుండులోంచి ఈ చివర నుంచి ఆ చివరకు దూసుకుపోవాలి, పైన మూడు సెంటీమీటర్లు బయటికి రావాలి. లోపల ఫ్రిజ్ పెట్టె అట్టతో రెండు గుండ్రటి బిళ్లలు కోసి, మధ్యలో కన్నం పెట్టి, కాస్త ఎడంగా పైపుకు తొడిగి ఫెవికాల్‌తో బిగించండి, చిప్పలు వాటి మీద కూర్చుంటాయి. పైపు బయటికొచ్చే రెండు చోట్లా ఎం-సీల్ పెట్టండి. అందులోని రెండు ముద్దలూ చారలు లేకుండా ఒకే రంగు వచ్చేదాకా పిసకాలి, చారలుంటే గట్టిపడదు. నడుము అతుకు మీద ఇంకో మూడు పొరల కాగితం.

పెద్దవాళ్లు పట్టుకునే గదైతే చిప్పలు మూసే ముందు పైపు పైకొసలో గుప్పెడు ఇసుక పోసి, ఇటూ అటూ ఎం-సీల్‌తో బిరడా వేయండి. ఆ కాస్త బరువుకే ఊపేటప్పుడు చెయ్యి దానంతట అదే నెమ్మదిస్తుంది, చూసేవాళ్లకు గద మణుగు బరువున్నట్టు తోస్తుంది. సురభి నాటకంలో ఒకసారి నేను గమనించింది ఇదే. గద కింద పెట్టేటప్పుడు ఆ నటుడు మోకాలు కొంచెం వంచి, చివర్లో ఒక్క క్షణం ఆగి పెట్టాడు. నాకైతే నేల అదిరినట్టే అనిపించింది. పిల్లల గదలో మాత్రం ఇసుక వద్దు, ఎవరికైనా తగులుతుంది.

ఇక గట్లు. గుండు నడుముకు దారం చుట్టి, ఆ దారాన్ని మూడుసార్లు సగానికి మడిస్తే ఎనిమిదో వంతు వస్తుంది, ఆ కొలతతో ఎనిమిది గుర్తులు పెట్టి పైనుంచి కిందికి గీతలు గీయండి. గీతల మీద చిటికెన వేలు లావు జనపతాడును ఫెవికాల్‌లో ముంచి అంటించండి. తాడుకు రెండువైపులా వాలుగా మక్కు పూయాలి. కొండపల్లి బొమ్మలకు కాళ్లూ చేతులూ అతికేది ఈ మక్కుతోనే, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన ముద్ద. చింతగింజలు వేయించి, నానబెట్టి, తొక్క తీసి, మెత్తగా రుబ్బి ఉడికించి, అందులో జల్లించిన పొట్టు కలిపి చపాతీ పిండిలా పిసకండి. అంత ఓపిక లేకపోతే ఫెవికాల్‌లో పొట్టు కలిపినా పనవుతుంది, కానీ చింతగింజల మక్కు ఎండాక చెక్కలా ఉంటుంది, ఉప్పుకాగితంతో రుద్దితే ఎటు కావాలంటే అటు ఒదుగుతుంది, నా ఓటు దానికే. పూసిన వెంటనే తడి బొటనవేలిని రెండు గట్ల మధ్య పైనుంచి కిందికి ఒక్క ఊపులో లాగండి. ఆ గాడే రేపు నీడ పట్టుకునే చోటు.

గది లైటు ఆపి, పక్కనుంచి సెల్‌ఫోన్ టార్చ్ వేసి చూడండి. ఎనిమిది గాళ్లూ నల్లగా కనిపిస్తే సరే, ఏదైనా మసకగా ఉంటే అక్కడ ఇంకాస్త మక్కు పెట్టి గట్టు ఎత్తు పెంచండి. నీడలో రెండు మూడు రోజులు ఆరనివ్వండి, ఎండలో పెడితే మక్కు పగులుతుంది. సన్న పగుళ్లు వస్తే అదే మక్కును నీళ్లతో పల్చగా చేసి పూడ్చేయండి. వచ్చే పాఠానికి నల్ల రంగు, ఇత్తడి రంగు, ఒక పాత స్పాంజి తెచ్చిపెట్టుకోండి, అప్పటిదాకా రంగు డబ్బా మూత తీయొద్దు.