కంప్యూటర్ గడియారం తప్పు టైమ్ చూపిస్తోందా? ముందు తేడా ఎంతో చూడండి

గడియారం తేడాగా కనిపించగానే చాలామంది ముళ్లు తిప్పినట్టు టైమ్‌ను చేత్తో మార్చేస్తారు. టైమ్ జోన్ తప్పుగా ఉన్నప్పుడు ఇది అసలు చేయకూడని పని. పైకి టైమ్ సరిపోయినట్టే ఉంటుంది, లోపల యూటీసీ (అన్ని జోన్లకూ ఆధారమైన ప్రపంచ ప్రామాణిక సమయం) లెక్క మాత్రం చెడిపోతుంది. పంపిన మెయిల్ మీద గంటల తేడా పడుతుంది, కంప్యూటర్‌లోని ఆథెంటికేటర్ ఇచ్చే లాగిన్ కోడ్‌లు చెల్లవు, ఒక్కోసారి బ్రౌజర్ సెక్యూరిటీ సర్టిఫికెట్ ఎర్రర్ చూపిస్తుంది.

అందుకే ముందు ఫోన్ పక్కన పెట్టుకుని తేడా ఎంతో చూడండి. సగం రోగం అక్కడే తెలిసిపోతుంది. తేడా సరిగ్గా గంటల్లోనో, అరగంట, ముప్పావు గంట కలిసో ఉంటే అనుమానం జోన్ మీదే. 7 నిమిషాలు, 23 నిమిషాలు లాంటి అడ్డదిడ్డమైన తేడా ఉంటే జోన్ జోలికి వెళ్లకండి, గడియారమే నెమ్మదిగా దారి తప్పుతోంది. ఇంటర్నెట్ నుంచి సరైన టైమ్ తెచ్చుకునే టైమ్ సింక్ ఆన్ చేస్తే చాలు.

సింక్ చేశాను, అయినా గంటలు తప్పే

ఎక్కువమంది ఇక్కడే ఇరుక్కుంటారు. ఇంటర్నెట్‌లోని టైమ్ సర్వర్ పంపేది యూటీసీ ఒక్కటే. మీరు ఏ జోన్‌లో ఉన్నారో దానికి తెలియదు, చెప్పదు కూడా. కాబట్టి ‘సింక్ నౌ’ ఎన్నిసార్లు నొక్కినా జోన్ మారదు.

విండోస్ సెట్టింగ్స్‌లో ‘టైమ్ అండ్ లాంగ్వేజ్’, అందులో ‘డేట్ అండ్ టైమ్’ తెరవండి. జోన్‌ను ఆటోమేటిక్‌గా పెట్టే స్విచ్ ఆపి, జాబితాలో మీ జోన్ ఎంచుకోండి. ఆ తర్వాతే సింక్ నొక్కండి. కొత్తగా విండోస్ వేసిన మెషీన్‌లో అమెరికా పసిఫిక్ టైమ్ పెట్టి ఉండటం మామూలే.

సరిచేసిన జోన్ మళ్లీ దానంతట అదే మారిపోతుంటే ఆ ఆటోమేటిక్ స్విచ్‌నే అనుమానించాలి. అది లొకేషన్ సర్వీస్ మీద ఆధారపడుతుంది. లొకేషన్ ఆపేసినా, వీపీఎన్ వల్ల మీరు వేరే దేశంలో ఉన్నట్టు కనిపించినా పొరపాటు పడొచ్చు. మ్యాక్‌లోనూ అంతే: ‘జనరల్’ కింద ‘డేట్ అండ్ టైమ్’ చూడండి. ఒకేచోట ఉండే డెస్క్‌టాప్‌కు ఆటోమేటిక్ జోన్ అవసరమే లేదని నా అభిప్రాయం. ఆఫీస్ కంప్యూటర్‌లో ఆప్షన్లు బూడిద రంగులో ఉండి నొక్కుడు పడకపోతే అది అడ్మిన్ పెట్టిన పాలసీ కావచ్చు, వాళ్లనే అడగాలి.

విండోస్, లినక్స్ మారినప్పుడల్లా టైమ్ చెడుతోంది

ఒకే కంప్యూటర్‌లో రెండూ వాడేవాళ్ల సమస్య ఇది. మదర్‌బోర్డ్ మీద, కంప్యూటర్ ఆపినా నడిచే ఆర్‌టీసీ అనే చిన్న గడియారం ఉంటుంది. అందులో ఉన్నది లోకల్ టైమ్ అనుకుంటుంది విండోస్. కాదు, యూటీసీ అనుకుంటుంది లినక్స్. యూటీసీ కంటే 5:30 గంటలు ముందున్న జోన్‌లో లినక్స్ వాడి విండోస్‌లోకి వస్తే టైమ్ 5:30 గంటలు వెనకబడుతుంది. విండోస్ దాన్ని దిద్దుకున్నాక లినక్స్‌లోకి వెళ్తే ఈసారి అంతే ముందుకు ఉరుకుతుంది. తగవు తీర్చకుండా ప్రతిసారీ టైమ్ మార్చుకుంటూ కూర్చుంటే ఒరిగేదేమీ లేదు.

రెండింట్లో ఒకదాన్ని ఒప్పించాలి. విండోస్‌నే ఒప్పించడం మేలు, ఎందుకంటే వేసవిలో గంట మారే ప్రాంతాల్లో ఆర్‌టీసీ లోకల్ టైమ్‌లో ఉంటే రెండు సిస్టమ్‌లూ చెరో గంట జరిపే ప్రమాదం ఉంది. విండోస్ లోపలి సెట్టింగ్స్ మార్చే రిజిస్ట్రీ ఎడిటర్‌లో హెచ్‌కీ లోకల్ మెషీన్ కింద సిస్టమ్, కరెంట్ కంట్రోల్ సెట్, కంట్రోల్, టైమ్ జోన్ ఇన్ఫర్మేషన్ వరకు వెళ్లండి. ఆ కీని ముందు ఎక్స్‌పోర్ట్ చేసి దాచుకోండి. అక్కడ ‘రియల్ టైమ్ ఈజ్ యూనివర్సల్’ (RealTimeIsUniversal) పేరుతో, ఇంగ్లిష్‌లో, మాటల మధ్య ఖాళీ లేకుండా, ఒక డీవర్డ్ (DWORD, అంకె విలువ ఉండే ఎంట్రీ) సృష్టించి విలువ 1 ఇవ్వండి. రీస్టార్ట్ చేసి ఒకసారి సింక్ చేయండి. లినక్స్ టెర్మినల్‌లో ‘టైమ్‌డేట్‌సీటీఎల్’ (timedatectl) కమాండ్ కొడితే లోకల్, యూనివర్సల్, ఆర్‌టీసీ టైమ్‌లు వరుసగా కనిపిస్తాయి. చివరి రెండూ ఒకటే అయితే పని అయినట్టే.

సరిగ్గా ఒక్క గంట తేడా

వేసవి సమయం (వేసవిలో గడియారాన్ని గంట ముందుకు జరపడం) పాటించే చోట్ల విండోస్‌లో దానికి వేరే స్విచ్ ఉంటుంది, అది ఆన్‌లో ఉందా చూడండి. అదీ, జోన్ కూడా బాగుంటే అప్‌డేట్‌లు వేయకపోవడమే కారణం కావచ్చు. ప్రభుత్వాలు రూల్స్ మారుస్తుంటాయి: టర్కీ 2016లో ఏడాది పొడవునా వేసవి సమయంలోనే ఉండిపోయింది, మెక్సికో 2022లో చాలా ప్రాంతాల్లో దాన్ని ఎత్తేసింది. అప్‌డేట్ లేని సిస్టమ్‌కు ఈ సంగతి తెలియదు.

ఆన్ చేసిన ప్రతిసారీ ఏళ్లనాటి తేదీ

ఇది జోన్ సమస్య కాదు, మదర్‌బోర్డ్ గడియారాన్ని నడిపే సీమాస్ బ్యాటరీ అయిపోయింది. చాలా డెస్క్‌టాప్‌లలో ఉండేది 3 వోల్టుల సీఆర్2032 బిళ్ల. కరెంట్ ప్లగ్ తీసేసి మార్చండి. తేడా ఏళ్లలో ఉన్నప్పుడు సింక్ కూడా మొండికేయొచ్చు: మామూలు సెట్టింగ్స్‌లో విండోస్ 15 గంటలకు మించిన తేడాను దిద్దదు. ఇక్కడ మాత్రం తేదీ, టైమ్ సుమారుగా చేత్తో పెట్టి, ఆ తర్వాత సింక్ చేయాలి.

గడియారం కరెక్టే, మీటింగ్ టైమ్ తప్పు

సిస్టమ్‌ను కదిలించకండి. గూగుల్ క్యాలెండర్ లాంటి వాటికి సొంత టైమ్ జోన్ సెట్టింగ్ ఉంటుంది, దాన్ని మార్చండి. ఫైర్‌ఫాక్స్‌లో ఏ వెబ్‌సైట్ తెరిచినా యూటీసీయే కనిపిస్తుంటే, ఫింగర్‌ప్రింటింగ్‌ను (బ్రౌజర్ వివరాలను బట్టి మిమ్మల్ని గుర్తుపట్టడాన్ని) అడ్డుకునే ‘రెసిస్ట్ ఫింగర్‌ప్రింటింగ్’ సెట్టింగ్ ఎప్పుడో ఆన్ చేసి ఉంటారు. మీ జోన్ బయటపడకుండా అది కావాలనే అలా చూపిస్తుంది.