చిన్న ఆఫీసులకు రాన్సమ్‌వేర్ నుంచి రక్షణ: తిరుపతి, చిత్తూరు సంస్థలు చేసుకోవలసిన పనులు

2017 మే 12న వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచమంతటా వ్యాపించినప్పుడు, చిత్తూరు సహా మన రాష్ట్రంలోని కొన్ని జిల్లాల్లో పోలీసు శాఖ కంప్యూటర్లు దాని బారిన పడ్డాయి. కొద్ది రోజులకే తిరుపతిలో టీటీడీ కార్యాలయపు కంప్యూటర్లు కొన్ని కూడా స్తంభించాయి. వన్నాక్రై ఆసరాగా తీసుకున్న విండోస్ లోపాన్ని సరిచేసే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చి 14నే విడుదల చేసింది. ఆ అప్‌డేట్ వేసుకున్న కంప్యూటర్లలోకి ఆ లోపం ద్వారా వన్నాక్రై చొరబడలేకపోయింది. పెద్ద వ్యవస్థలకే అలా జరిగినప్పుడు, కంప్యూటర్లు చూసుకోవడానికి ప్రత్యేకంగా మనిషంటూ లేని లాడ్జీలు, స్కానింగ్ సెంటర్లు, మామిడి గుజ్జు పరిశ్రమలు, ఆడిటర్ల ఆఫీసులు ఎంత జాగ్రత్తగా ఉండాలో ఆలోచించండి. ఈ సూచనలు ముఖ్యంగా అటువంటి చోట్ల పనిచేసేవారి కోసం.

రాన్సమ్‌వేర్ కంప్యూటర్‌లోకి చొరబడి, అందులోని బిల్లులు, లెక్కలు, ఫొటోలు, రిపోర్టులు అన్నిటినీ ఎవరూ తెరవలేని విధంగా ఎన్‌క్రిప్ట్ చేస్తుంది. వాటిని విడిపించే కీ నేరగాళ్ల దగ్గరే ఉంటుంది. దానికోసం బిట్‌కాయిన్ వంటి రూపంలో డబ్బు కట్టమంటూ తెరమీద ఒక నోటు కనిపిస్తుంది. ఈమధ్య ఎన్‌క్రిప్ట్ చేయడానికి ముందే ఫైళ్ల కాపీలు ఎత్తుకుపోయి, డబ్బు ఇవ్వకపోతే బయట పెడతామని బెదిరించడం కూడా మామూలైపోయింది.

మొదటి పని బ్యాకప్

ఈ వారంలో ఒక్క పని మాత్రమే చేయగలిగితే అది బ్యాకప్ కావాలన్నది నా గట్టి అభిప్రాయం. యాంటీవైరస్ అవసరమే, కానీ అది కొత్త రకం దాడిని పసిగట్టలేకపోయిన రోజున మిమ్మల్ని ఆదుకునేది ఆ కంప్యూటర్‌కు అంటుకుని లేని మరో కాపీ మాత్రమే.

గుజ్జు ఫ్యాక్టరీ ఆఫీసునే తీసుకుందాం. తోతాపురి సీజన్‌లో ఏ రైతు ఎన్ని టన్నులు తోలాడు, ఎంత చెల్లించాం, ఎంత బాకీ ఉంది అన్న లెక్కంతా ఒకే కంప్యూటర్‌లోని ట్యాలీలో ఉంటుంది. ట్యాలీ డేటా ఫోల్డర్ తెరిస్తే, ఒక్కో కంపెనీకి అయిదారు అంకెల పేరుతో ఒక్కో ఫోల్డర్ కనిపిస్తుంది. కాపాడుకోవలసింది దాన్నే, దానితోపాటు జీఎస్టీ, బ్యాంకు కాగితాలు దాచిన ఫోల్డర్లను. రెండు ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులు కొని, ఒకదానిమీద సోమవారం అని, రెండోదానిమీద గురువారం అని రాసి అతికించండి. ఆయా రోజుల్లో ట్యాలీ మూసేసి, ఫోల్డర్‌ను తేదీ పేరుతో కాపీ చేసి, డిస్కును ఎజెక్ట్ చేసి కేబుల్ ఊడదీయండి. ఒక డిస్కు ఎప్పుడూ యజమాని ఇంట్లో ఉండాలి. కేబుల్ ఊడదీయడం దగ్గరే చాలామంది బద్ధకిస్తారు. తగిలించి వదిలేసిన డిస్కును కూడా రాన్సమ్‌వేర్ ఎన్‌క్రిప్ట్ చేసేస్తుంది. గూగుల్ డ్రైవ్‌లోనో వన్‌డ్రైవ్‌లోనో సింక్ అవుతోంది కదా అని నిశ్చింతగా ఉండడం కూడా ప్రమాదమే, ఎందుకంటే పాడైన ఫైలు కూడా అంతే వేగంగా అక్కడికి చేరుతుంది. అక్కడ పాత వెర్షన్లు కొంతకాలం దొరుకుతాయి గానీ, వాటినే నమ్ముకోవద్దు.

నెలకోసారి ఆ డిస్కును వేరే కంప్యూటర్‌కు తగిలించి, కిందటి వారపు బిల్లు ఒకటి తెరిచి చూడండి. తెరిచి చూడని బ్యాకప్‌ను ఉన్నట్టుగా లెక్కవేయకూడదు.

లోపలికి వచ్చే దారులు

చిన్న ఆఫీసుల్లో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కలవరపెట్టేది రిమోట్ యాక్సెస్. ఆడిటర్ ఇంటినుంచి చూసుకుంటారనో, సాఫ్ట్‌వేర్ అబ్బాయి చెన్నై నుంచి సరిచేస్తాడనో విండోస్ రిమోట్ డెస్క్‌టాప్‌ను నేరుగా ఇంటర్నెట్‌కు తెరిచిపెట్టి, సంస్థ పేరు పక్కన 123 చేర్చి పాస్‌వర్డ్ పెడతారు. అలా తెరిచి ఉన్న కంప్యూటర్ల కోసం నేరగాళ్ల ప్రోగ్రాములు రాత్రింబగళ్లు వెతుకుతూనే ఉంటాయి. రౌటర్‌లో రిమోట్ డెస్క్‌టాప్ కోసం తెరిచిన పోర్టును, అంటే ఆ దారిని, మూయించండి. తప్పనిసరైతే వీపీఎన్ (ఆఫీసు నెట్‌వర్క్‌కు ఎన్‌క్రిప్ట్ చేసిన ప్రైవేటు దారి) ద్వారా మాత్రమే, ఓటీపీ వంటి రెండో ధ్రువీకరణతో అనుమతించండి. ఎనీడెస్క్ వంటివి పని ఉన్నప్పుడు తెరిచి, పని కాగానే మూసేయండి.

రెండో దారి మెయిల్‌లోనూ వాట్సాప్‌లోనూ వచ్చే ఫైళ్లు. విండోస్‌లో ఫైల్ ఎక్స్‌టెన్షన్లు కనిపించే సెట్టింగ్‌ను ఆన్ చేయండి. అప్పుడు 'ఇన్‌వాయిస్ డాట్ పీడీఎఫ్' అనుకున్నది నిజానికి 'ఇన్‌వాయిస్ డాట్ పీడీఎఫ్ డాట్ ఈఎక్స్ఈ' అనే ప్రోగ్రాము అని బయటపడుతుంది. దాన్ని తెరవకుండా, పంపిన పార్టీకి ఫోన్ చేసి అడగండి. ఫోన్లకు ట్రాఫిక్ చలానా, పెళ్లి పత్రిక, పీఎం కిసాన్ పేర్లతో ఏపీకే ఫైళ్లు (ఆండ్రాయిడ్ యాప్‌ను ఇన్‌స్టాల్ చేసే ఫైళ్లు) వస్తున్నాయి. చలానాగానీ పత్రికగానీ ఏపీకే రూపంలో రావు. తెలిసినవాళ్ల నంబరు నుంచి వచ్చినా సరే, ఇన్‌స్టాల్ చేయవద్దు.

క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్ గురించి మొహమాటం లేకుండా చెప్పాలి. యాంటీవైరస్ ఆపి ఇన్‌స్టాల్ చేయమని అడిగే ప్రోగ్రామును మీ చేతులతో మీరే లోపలికి రానిస్తున్నారు. రోజువారీ పనికి అడ్మినిస్ట్రేటర్ కాని మామూలు అకౌంట్ వాడండి. విండోస్ 10కు ఉచిత మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. పొడిగించిన భద్రతా అప్‌డేట్లకు నమోదు చేసుకోకపోతే ఆ కంప్యూటర్‌కు విండోస్ లోపాలను సరిచేసే అప్‌డేట్లు అందవు.

తిరుపతి లాడ్జీల వారికి మరో రెండు మాటలు. యాత్రికుల వైఫై, బిల్లింగ్ కంప్యూటర్ ఒకే నెట్‌వర్క్‌లో ఉండకూడదు. గెస్ట్ నెట్‌వర్క్‌ను వేరు చేసే ఏర్పాటు ఇప్పటి రౌటర్లు చాలావాటిలో ఉంది. సీసీటీవీ డీవీఆర్‌కు కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డ్‌నే కొనసాగించవద్దు. యాత్రికుల ఆధార్ స్కాన్లు ఏళ్ల తరబడి డెస్క్‌టాప్ మీద పోగుపడి ఉంటే, దొంగ చేతికి మీ లెక్కలతోపాటు వాళ్ల వివరాలు కూడా దొరుకుతాయి. చట్టప్రకారం ఉంచవలసినవి మాత్రమే, పాస్‌వర్డ్ ఉన్న చోట ఉంచి, అవసరం తీరినవాటిని తొలగించండి.

తెరమీద నోటు కనిపిస్తే

ముందు ఆ కంప్యూటర్ నెట్‌వర్క్ కేబుల్ పీకి, వైఫై ఆపండి. పెన్‌డ్రైవ్, హార్డ్ డిస్క్ ఏదైనా తగిలించి ఉంటే తీసేయండి. నెట్‌వర్క్ తెగ్గొట్టడం సాధ్యం కాకపోతేనే పవర్ ఆపండి, ఎందుకంటే మెమరీలో ఉన్న ఆధారాలు పవర్ పోతే పోతాయి. మిగతా కంప్యూటర్లను కూడా నెట్‌వర్క్ నుంచి వేరుచేయండి. నోటును ఫోన్‌తో ఫొటో తీసి, ఎన్‌క్రిప్ట్ అయిన ఫైళ్లను చెరపకుండా ఉంచండి. కొన్ని రకాల రాన్సమ్‌వేర్‌కు ఉచిత డీక్రిప్షన్ (ఫైళ్లను విడిపించే) సాధనాలు 'నో మోర్ రాన్సమ్' సైట్‌లో దొరుకుతాయి. ఈరోజు లేనిది రేపు రావచ్చు.

డబ్బు కట్టవద్దు. కట్టినా కీ ఇస్తారన్న, ఎత్తుకుపోయిన కాపీలు చెరిపేస్తారన్న భరోసా ఏమీ లేదు.

వెంటనే 'సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్'లో ఫిర్యాదు చేయండి. బ్యాంకు ఖాతా నుంచి డబ్బు కూడా పోయి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28 నాటి ఆదేశాల ప్రకారం, ఇటువంటి దాడి గురించి కంపెనీలు తమ దృష్టికి వచ్చిన 6 గంటల్లోపు ఆ సంస్థకు తెలియజేయాలి.

ఆ తరవాతే పునరుద్ధరణ. సోకిన కంప్యూటర్‌కు బ్యాకప్ డిస్కును నేరుగా తగిలిస్తే ఉన్న ఒక్క కాపీ కూడా పోతుంది. ఆధారాల అవసరం ఉందేమో పోలీసులను అడిగి, కంప్యూటర్‌లోని పాత డిస్కును పక్కన పెట్టి, కొత్తదానిలో విండోస్ మళ్లీ వేసి, అప్‌డేట్లన్నీ పూర్తిచేసి, మెయిల్, బ్యాంకు, జీఎస్టీ పాస్‌వర్డ్‌లను శుభ్రమైన మరో కంప్యూటర్ నుంచి మార్చండి. లోపలికి వచ్చిన దారి మూసుకుపోయిందని తేలాక మాత్రమే బ్యాకప్ డిస్కును తగిలించండి.