జారిపోయే సూదికి బదులు వెండి పెయింటు చుక్క
బెంగళూరులోని మా ల్యాబులో ఇనుము ఆధారిత అతివాహకాల (బాగా చల్లబరిస్తే నిరోధం లేకుండా విద్యుత్తును ప్రసరింపజేసే పదార్థాల) శక్తి అంతరాన్ని, అంటే వాటిలోని ఎలక్ట్రాన్ల జంటలను విడదీయడానికి కావలసిన శక్తికి కొలమానాన్ని, స్ఫటికానికి సూది ఆనించి కొలిచేటప్పుడు, 4.2 కెల్విన్‌కు చల్లబరిచేసరికి సూది మొన స్ఫటికం మీద నుంచి జారిపోయి, పోసిన ద్రవ హీలియం అంతా వృథా అయ్యేది. ఇప్పుడు టేపుతో అప్పుడే పొర లేపిన స్ఫటికంపై, 25 మైక్రాన్ల బంగారు తీగను సుమారు 50 మైక్రాన్ల వెండి పెయింటు చుక్కతో అంటిస్తున్నాము. ఆ చుక్కను మైక్రోస్కోపు కింద, తీగ కొసతోనే పెట్టాలి. చేయి వణుకుతుంటే ఆ రోజుకు మానుకోవడమే మేలు. తీగ, స్ఫటికం కలిసే ఈ కాంటాక్టు నిరోధం కొన్ని ఓమ్‌ల నుంచి పదుల ఓమ్‌ల మధ్యకు రాకపోతే, క్షణికమైన విద్యుత్ పల్స్‌లు పంపి సరిచేసుకోవచ్చు. అయితే అతివాహకత మాయమయ్యే సందిగ్ధ ఉష్ణోగ్రత దాటగానే, వోల్టేజిని బట్టి వాహకత మారే తీరును చూపే వక్రరేఖ అధిక వోల్టేజి వద్ద సైతం కిందికి జరిగితే, ఎలక్ట్రాన్లు కాంటాక్టును అడ్డు లేకుండా దాటడం లేదన్నమాట. అందులో కనిపించే అంతరాన్ని నమ్మరాదు.