పాత సామానుతో కొత్త కొట్టు: కౌంటర్ వెనక నిలబడే మనిషిని చూసి కొనండి

విజయవాడ బీసెంట్ రోడ్డు షోరూముల్లోనో, గుంటూరు బ్రాడీపేట కొట్లలోనో కొన్నేళ్లు సేల్స్‌లో పనిచేసి సొంతంగా చిన్న షాపు పెట్టుకునేవాళ్లకు పెట్టుబడి ఎప్పుడూ కటకటే. ఉన్న డబ్బంతా కౌంటర్లకూ ర్యాకులకూ పోస్తే సరుకు కోసం అప్పు చెయ్యాల్సి వస్తుంది. అందుకే సామాను సెకండ్ హ్యాండ్‌లో తీసుకుని, మిగిలింది సరుకు మీద పెట్టాలి. కాకపోతే చాలామంది మెరుపు చూసి కొంటారు. అసలు చూడాల్సింది, రోజుకు పది పన్నెండు గంటలు దాని వెనకాల నిలబడే మనిషి నడుముకూ మోకాళ్లకూ అది సరిపోతుందా అని. గుమాస్తాగా నిలబడి పనిచేసిన వాళ్లకు ఈ సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. కానీ బేరంలో దిగేసరికి అదే ముందు మర్చిపోతారు.

కొనే ముందు

పాత సామాను అమ్మే దుకాణాల కంటే, మూసేస్తున్న షాపు దగ్గర నేరుగా కొంటే చవక. నెలాఖరుకు తాళాలు అప్పజెప్పాలి కాబట్టి చివరి వారంలో అమ్మేవాళ్లు దిగొస్తారు. అయితే అడ్వాన్సు ఇవ్వకముందే ఆ బిల్డింగ్ ఓనరుతో ఒక మాట మాట్లాడండి. అద్దె బాకీ ఉంటే సామాను షట్టర్ దాటనివ్వరు. అప్పుడు మీ డబ్బు వాళ్లిద్దరి గొడవలో ఇరుక్కుంటుంది.

టేపుతో మీ షట్టర్ వెడల్పు, ఎత్తు, మెట్ల దగ్గర మలుపు, వెనక గది గుమ్మం కొలిచి కాగితం మీద రాసుకుని వెళ్లండి. ఆరడుగుల గాజు కౌంటర్ కొని తెచ్చాక, వన్ టౌన్ సందుల్లాంటి చోట అది మలుపు తిరగక విప్పాల్సి వస్తే, పాత ప్లైవుడ్‌లో మేకులు రెండోసారి పట్టవు.

కౌంటర్

ముందు ఎత్తు చూడండి. నిలబడి చేసే పనికి బల్ల పైభాగం మోచేయి కంటే రెండు నుంచి నాలుగు అంగుళాలు కిందుండాలి. ఐదడుగుల మనిషికి మోచేయి దాదాపు 38 అంగుళాల ఎత్తులో ఉంటుంది, కాబట్టి 34 నుంచి 36 అంగుళాల కౌంటర్ సరిపోతుంది. ఐదున్నర అడుగుల మనిషికి 38 దాకా ఉండొచ్చు. బట్టలు మడతపెట్టడం, ప్యాకింగ్ లాంటి పని ఎక్కువగా ఉంటే ఇంకో రెండంగుళాలు తగ్గినా మంచిదే. 42 అంగుళాల షోకేస్ కౌంటర్ చూడ్డానికి ఠీవిగా ఉంటుంది. దాని మీద రోజంతా బిల్లు రాసే అమ్మాయికి మాత్రం సాయంత్రానికి భుజాలు పట్టేస్తాయి. అక్కడ నిలబడబోయే మనిషిని వెంట తీసుకెళ్లి, కౌంటర్ మీద పుస్తకం పెట్టి నాలుగు లైన్లు రాయించి చూడండి. ఇంతకంటే మంచి పరీక్ష లేదు.

తర్వాత పాదాల చోటు. పాత గాజు కౌంటర్లు చాలావరకు నేల దాకా మూసేసి ఉంటాయి. బొటనవేళ్లు చెక్కకు తగులుతాయి కాబట్టి మనిషి అడుగు వెనక్కి వేసి ముందుకు వంగుతాడు. నడుం నొప్పి అక్కడే మొదలు. దీన్ని సరిచేయడం తేలిక. కౌంటర్ కింద నాలుగంగుళాల ఎత్తు చెక్క దిమ్మెలు పెట్టించండి, మనిషి నిలబడే వైపు అంచు నుంచి నాలుగంగుళాలు లోపలికి జరిపి. పాదాలు లోపలికి వెళ్తాయి. ఊడ్చేటప్పుడు చీపురు కూడా వెళ్తుంది. దీనివల్ల ఎత్తు నాలుగంగుళాలు పెరుగుతుంది కాబట్టి కొనేటప్పుడే ఆ లెక్క వేసుకోండి: 36 కావాలంటే 32 అంగుళాల కౌంటర్ వెతకాలి.

గాజు అంచులు వేలితో తడిమి చూడండి. మూల దగ్గర చిన్న పెచ్చు ఊడినా, బరువు పడ్డప్పుడో ట్రాలీ ఆటో కుదుపుకో పగులు అక్కడి నుంచే పాకుతుంది. టఫెండ్ (వేడితో గట్టిపరచిన) గాజైతే సాధారణంగా మూలన ముద్ర ఉంటుంది. దాన్ని తర్వాత కోయడం, రంధ్రం వేయడం కుదరదు, కాబట్టి కొలత సరిపోకపోతే వదిలేయాల్సిందే. చెక్క భాగాన్ని కింద నుంచి, వెనక నుంచి స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడాలి. చెద పట్టినచోట కొడితే డొల్ల శబ్దం వస్తుంది, మొన మెత్తగా దిగిపోతుంది. పైన కొత్త మైకా అతికించినది కనబడితే కింద ఏముందో మరింత జాగ్రత్తగా చూడండి.

గాజు మీద, గోడ మీద పాత యజమాని క్యూఆర్ స్టిక్కర్లు మిగిలి ఉంటే మొదటిరోజే గీకేయండి. లేకపోతే మీ గిరాకీ డబ్బు ఆయన ఖాతాలో పడుతుంది. డబ్బులు పడ్డాయని చెప్పే సౌండ్ బాక్స్ ఊరికే ఇస్తామన్నా తీసుకోవద్దు, అది కూడా ఆయన ఖాతాకే కట్టి ఉంటుంది.

కౌంటర్‌తో పాటు ఒక స్టూలు కొనండి. బేరంలో కొసరుగా అడిగినా ఇస్తారు. 36 అంగుళాల కౌంటర్‌కు 24 నుంచి 26 అంగుళాల ఎత్తు స్టూలు, పాదం ఆన్చుకోవడానికి అడ్డకమ్మీ ఉన్నది తీసుకోండి. కోళికోడ్ బట్టల షాపుల ఆడవాళ్లు ఏళ్ల తరబడి కొట్లాడితే 2018లో కేరళలో సేల్స్ వాళ్లకు కూర్చునే హక్కు చట్టంలోకి వచ్చింది. 2021లో తమిళనాడూ అలాంటి చట్టమే చేసింది. సొంత షాపులో చట్టం చెప్పేదాకా ఆగడం ఎందుకు? గిరాకీ లేని గంటలో మనిషిని నిలబెట్టి ఉంచితే వ్యాపారం పెరగదు, కాళ్లు వాస్తాయి అంతే.

ర్యాకులు

ఇనుప స్లాటెడ్ యాంగిల్ (వరసగా రంధ్రాలున్న కమ్మీల) ర్యాకులు పాతవైనా బాగానే పనిచేస్తాయి. గేజ్ నంబరు తగ్గేకొద్దీ రేకు మందం పెరుగుతుంది. నిలువు యాంగిళ్లు 14 గేజ్ ఉంటే కిరాణాకు నిశ్చింత. పలకను తిరగేసి మధ్యలో కుంగిందేమో చూడండి. ఒకసారి కుంగినది సుత్తితో సాపు చేసినా మళ్లీ కుంగుతుంది. నట్లు బోల్టులు అన్నీ లెక్కపెట్టి తెచ్చుకోండి, మూలల్లో బిగించే త్రికోణపు ముక్కలు మరీ ముఖ్యం. అవి లేకపోతే ర్యాక్ పక్కకు ఊగుతుంది. 26 కిలోల బియ్యం బస్తా, 15 కిలోల నూనె డబ్బా అడుగు అరలోనే ఉండాలి. తరచుగా తీసేవి మోకాలికీ ఛాతీకీ మధ్య, తేలికవి పైన. పై అర కోసం ఎవరూ ప్లాస్టిక్ కుర్చీ ఎక్కకుండా రెండు మెట్ల ఇనుప స్టూలు ఒకటి చూసుకోండి.

కాటా

ఎలక్ట్రానిక్ కాటా మీద ఒక చిన్న పలక ఉంటుంది. అందులో మ్యాక్స్ (గరిష్ఠ తూకం), మిన్ (కనిష్ఠ తూకం), ఇ (కాటా లెక్కలోకి తీసుకునే కనీస తేడా) అని మూడు అంకెలుంటాయి. 30 కిలోల కాటాకు ఇ విలువ 5 గ్రాములైతే, దాని కనిష్ఠ తూకం 100 గ్రాములు. అంతకంటే తక్కువ దాని మీద తూచకూడదు. యాలకులు, లవంగాలు 50 గ్రాముల చొప్పున అమ్మేవాళ్లకు ఇలాంటి కాటా పనికిరాదు. ఇ విలువ 2 గ్రాములది తీసుకుంటే 40 గ్రాముల నుంచి తూచవచ్చు.

పరీక్ష ఇలా చేయండి. కాటా మీద మట్టం చూపే బుడగ మధ్యకు వచ్చేలా దాని కాళ్లు సరిచేసి, పది నిమిషాలు ఆన్‌లో ఉంచండి. తెలిసిన కొట్టు నుంచి సీలున్న 10 కిలోల ఇనప గుండు అడిగి తీసుకెళ్లి, పళ్లెం మధ్యలో, తర్వాత నాలుగు మూలల్లో పెట్టండి. ఐదు చోట్లా ఒకే అంకె రావాలి. ఒక మూల తేడా వస్తే లోపల బరువును పసిగట్టే లోడ్ సెల్ దెబ్బతిని ఉండొచ్చు. గుండును పావుగంట అలాగే వదిలేయండి. అంకె మెల్లగా జరుగుతుంటే ఆ కాటా వద్దు. లోపలి బ్యాటరీ పోయి ఉంటే భయపడక్కర్లేదు, 6 వోల్టులది మార్చుకోవచ్చు. గుంటూరులో కారం, పసుపు అమ్మిన కొట్టు కాటా అయితే బటన్లన్నీ ఒక్కొక్కటే నొక్కి చూడండి, పొడి లోపలికి దిగి ఇరుక్కుంటాయి.

ఎలక్ట్రానిక్ కాటాకు ఏటా తూనికలు కొలతల శాఖ చేత పరీక్ష చేయించి ముద్ర వేయించాలి. సర్టిఫికెట్ గిరాకీకి కనపడేచోట పెట్టాలి. సీలు తెగి ఉంటే, గడువు దాటి ఉంటే, కొత్త ముద్ర పడేదాకా దానితో ఒక్క గ్రాము కూడా అమ్మొద్దు. ఆ ఖర్చు ధరలోంచి తగ్గించమని అడగండి.

బిల్లు ప్రింటర్ కూడా కొంటుంటే, ఫీడ్ బటన్ నొక్కి పట్టుకుని స్విచ్ వేయండి. చాలా మోడళ్లలో పరీక్ష కాగితం వస్తుంది. దాని మీద నిలువుగా తెల్ల గీత కనిపించి, అచ్చువేసే హెడ్ తుడిచినా పోకపోతే హెడ్ కాలిపోయినట్టు.

ఫ్రీజర్

చూడ్డానికి వచ్చేదాకా ఆఫ్‌లో ఉంచమని ఫోనులోనే చెప్పండి. వెళ్లగానే కంప్రెసర్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే అప్పటిదాకా నడిపి చల్లబరిచారన్నమాట. మీ ఎదురుగా ఆన్ చేయించి రెండు గంటలైనా ఆగండి. టక్ మని పదేపదే ఆగి మొదలవుతుంటే వదిలేయండి. తలుపు రబ్బరు మధ్య కాగితం పెట్టి లాగితే బిగువుగా రావాలి. "మొన్నే గ్యాస్ కొట్టించాం" అన్నది మంచి మాట కాదు. మూసి ఉన్న గొట్టాల్లోంచి గ్యాస్ దానంతటదే పోదు, లీకు ఉంటేనే పోతుంది. ఇంకో సంగతి, డిసెంబరులో బాగా చల్లబడే ఫ్రీజర్ మన మే నెల ఎండకు చేతులెత్తేయొచ్చు. చలికాలంలో కొనేవాళ్లు వెనక జాలీ దుమ్మూ, ఫ్యానూ మరింత శ్రద్ధగా చూడాలి.

కూల్‌డ్రింక్ కంపెనీ బొమ్మ ఉన్న గాజు తలుపు కూలర్ చవగ్గా వస్తే ఆగండి. అవి చాలావరకు కంపెనీ ఆస్తే, షాపువాళ్లకు వాడుకోవడానికి ఇచ్చినవి. కంపెనీ నంబరు స్టిక్కర్ ఉన్నా, దాన్ని గీకేసి ఉన్నా కొనొద్దు.

2024 సెప్టెంబరు బుడమేరు వరదలో విజయవాడ అజిత్ సింగ్ నగర్, పాయకాపురం వైపు షాపులు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. ఆరబెట్టి రంగు వేస్తే పైకి తెలియదు. ఫ్రీజర్ వెనక అడుగు మూలల్లో ఎండిన ఒండ్రు, కాటా లోపల తుప్పు పట్టిన స్క్రూలు, కౌంటర్ అడుగున ఒకే ఎత్తులో ఉబ్బిన ప్లైవుడ్ కనిపిస్తే అది నీళ్లు తాగిన సామానే. ఇనుప ర్యాక్ అయితే రుద్ది వాడుకోవచ్చు. కరెంటుతో నడిచేదైతే ఏ ధరకూ వద్దు.

రసీదు, రవాణా

ప్రతి వస్తువు సీరియల్ నంబరుతో రసీదు రాయించుకోండి. అమ్మినవాళ్ల గుర్తింపు కార్డు నకలు తీసుకుని, డబ్బు ఖాతాకే పంపండి. దొంగసొత్తని తెలిసి కొంటే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద నేరం. కాగితం ఇవ్వనంటే బేరం అక్కడితో ఆపేయండి.

గాజు పలకలను పడుకోబెట్టకుండా, దుప్పట్లు చుట్టి నిలువుగా తేవాలి. రద్దీ రోడ్ల మీదికి ట్రాలీ ఆటోను తెల్లవారుజామునే పిలవండి. ఫ్రీజర్ నిటారుగానే రావాలి. దించాక కనీసం నాలుగు గంటలు ప్లగ్గు పెట్టొద్దు, ప్రయాణంలో గొట్టాల్లోకి పాకిన ఆయిల్ కంప్రెసర్‌లోకి తిరిగి దిగాలి. పక్కకు వాల్చి తెచ్చి ఉంటే ఒక రాత్రంతా వదిలేయండి.