డిబేట్ నేర్చుకుందాం – 4వ పాఠం: బిల్బావో పేరెత్తకుండా వాదించడం

ఈ పాఠం ఖండన గురించి కావాలి. కానీ గత పాఠం మిగిల్చిన చిక్కు విప్పకుండా ముందుకు పోలేం. అప్పుడిచ్చిన మోషన్ (చర్చకు పెట్టిన ప్రతిపాదన) ఇది: “నగరాలు పెద్ద సాంస్కృతిక కట్టడాలకూ ఉత్సవాలకూ ప్రజల సొమ్ము ఖర్చు పెట్టాలి.” సమర్థిస్తూ రాసినవాళ్లు దాదాపు అందరూ ఒకే దారి పట్టారు: స్పెయిన్‌లోని బిల్బావోలో గూగెన్‌హైమ్ మ్యూజియం కట్టారు, ఊరి దశ తిరిగింది, కాబట్టి ఎవరు కట్టినా తిరుగుతుంది. ఆ ఉదాహరణ మూడో పాఠంలోదే. దాన్ని ఎంతవరకు లాగొచ్చో అక్కడ చెప్పలేదు, ఆ తప్పు పాఠానిదే.

మ్యూజియం 1997 అక్టోబరులో తెరిచారు. మొదటి ఏడాదిలోనే 13 లక్షల మందికి పైగా వచ్చారు. ఇంతవరకు ఎవరూ కాదనలేరు. కానీ అదే నగరంలో 1995లో మెట్రో మొదలైంది. నది శుద్ధి ఏళ్ల తరబడి సాగింది. రేవు పనుల్ని ఊరి మధ్య నుంచి సముద్రం వైపు తరలించారు. ఓడల కర్మాగారం 1988లో మూతపడటంతో నది ఒడ్డున స్థలం దొరికింది. 2000లో విమానాశ్రయానికి కొత్త టెర్మినల్ వచ్చింది. మీరు “మ్యూజియం వల్ల” అనగానే అవతలివాళ్లు పాయింట్ ఆఫ్ ఇన్ఫర్మేషన్‌కి (ప్రసంగం మధ్యలో ప్రత్యర్థి వేసే చిన్న ప్రశ్నకు) లేచి, “మెట్రో, నది శుద్ధి లేకుండా ఈ ఒక్క భవనమే ఇదంతా చేసేదా?” అని అడుగుతారు. పదిహేను సెకన్లు చాలు. మీ దగ్గర రెండో ఉదాహరణ లేకపోతే మిగిలిన ప్రసంగమంతా సంజాయిషీకే పోతుంది.

దీనికి మందు వాదనను చిన్నది చేయడమే. “రవాణా మీద, నదీతీరం మీద అప్పటికే ఖర్చు పెట్టిన నగరం దానికి తోడు ఒక మ్యూజియం కడితే, ఆ పాత ఖర్చుకు కూడా ఫలితం పెరుగుతుంది” అనండి. ఇలా చెబితే వాదనకు ఆర్భాటం తగ్గుతుంది కానీ కూలదొయ్యడం కష్టం. బిల్లు కూడా మీరే ముందు చెప్పేయండి: కట్టడానికి సుమారు 10 కోట్ల డాలర్లు, గూగెన్‌హైమ్ ఫౌండేషన్‌కు రుసుముగా మరో 2 కోట్ల డాలర్లు, అంతా ఆ ఊరున్న బాస్క్ ప్రాంత ప్రభుత్వాలే భరించాయి. అవతలివాళ్లు బయటపెట్టబోయే అంకెను మీరే బయటపెడితే జడ్జి దగ్గర దాని పదును సగం పోతుంది.

ఇంకో రెండు ఉదాహరణలు దగ్గర ఉంచుకోండి, చాలు. సిడ్నీ ఒపెరా హౌస్‌ను 70 లక్షల ఆస్ట్రేలియా డాలర్లతో 1963కల్లా పూర్తి చేస్తామన్నారు. 1973లో తెరిచేసరికి 10.2 కోట్లయింది, అందులో ఎక్కువ భాగం లాటరీ డబ్బు. అది రెండు పక్షాలకూ పనికొస్తుంది కాబట్టి దాన్ని ఎత్తేవాళ్లు ముందే జవాబు సిద్ధం చేసుకోవాలి. మాంట్రియల్ 1976 ఒలింపిక్స్ స్టేడియం అప్పు తీరింది 2006లో. అది వ్యతిరేకించేవాళ్ల ఆస్తి. ఉదాహరణలు పోగు చేయడం వాదించడం కాదు. ఎనిమిది ఊళ్ల పేర్లు చదివిన ప్రసంగం కన్నా ఒక ఊరిని విప్పి చూపిన ప్రసంగానికే మార్కులు పడతాయి.

ఇక అసలు ముల్లు. “ఈ ఉత్సవం వల్ల నగరానికి ఇన్ని కోట్ల ఆదాయం.” వ్యాపార వార్తల్లో ఈ వాక్యం కనపడని వారం ఉండదు. దాన్ని అలాగే ఎత్తి ప్రసంగంలో పెట్టడం ఎంత పెద్ద పొరపాటో ఒక కల్పిత లెక్కతో చూద్దాం. కరెన్సీ ఏదైనా ఫరవాలేదు.

లక్ష మంది వచ్చారు, మనిషికి 100 ఖర్చు పెట్టారు. మొత్తం కోటి. నిర్వాహకులు దాన్ని “గుణకం 2” (ఖర్చయిన సొమ్ము ఊళ్లో చేతులు మారుతూ రెట్టింపు ఆదాయమవుతుందన్న అంచనా) అని రెండుతో గుణించి రెండు కోట్లు అంటారు. పత్రికలో పడేది ఆ అంకే. ఇప్పుడు కోత మొదలుపెట్టండి.

వచ్చినవాళ్లలో 70 వేల మంది ఆ ఊరివాళ్లే. ఉత్సవం లేకపోతే ఆ 100 ఆ ఊళ్లోనే ఇంకో చోట ఖర్చయ్యేది. డబ్బు ఒక కొట్టు నుంచి ఇంకో కొట్టుకు మారింది, ఊరికి కొత్తగా వచ్చిందేమీ లేదు. కోటి కాస్తా 30 లక్షలైంది. (ఒక మినహాయింపు: ఈ ఉత్సవమే లేకపోతే వేరే ఊరికి వెళ్లి ఖర్చు పెట్టేవాళ్లను లెక్కలో ఉంచాలి. ఇక్కడ అలాంటివాళ్లు లేరనుకుందాం. ఎదుటివాళ్లు దీన్ని పట్టుకుంటే ఒప్పుకోండి.) మిగతా 30 వేల మంది బయటివాళ్లలో 10 వేల మంది ఎలాగూ వచ్చేవాళ్లే, తేదీ మాత్రం మార్చుకున్నారు, లేదా వేరే పని మీద వచ్చి ఇటు తొంగిచూశారు. 20 లక్షలకు దిగింది. రద్దీ భయంతో మామూలు పర్యాటకులు 5 వేల మంది మానుకున్నారు. ఇది ఊహ కాదు: 2012 ఒలింపిక్స్ జరిగిన ఆగస్టులో బ్రిటన్‌కు వచ్చిన విదేశీయుల సంఖ్య అంతకు ముందు ఏడాది ఆగస్టు కన్నా తగ్గింది. అయితే వచ్చినవాళ్లు ఎక్కువ ఖర్చు పెట్టారు. అది కూడా చెప్పకపోతే మీరు దొరికిపోతారు. మన లెక్క 15 లక్షలకు వచ్చింది. అందులో 40 శాతం బయటి కళాకారుల పారితోషికంగా, బయటి హోటల్ గొలుసుల లాభంగా, బయటి నుంచి తెచ్చిన సరుకు ఖరీదుగా ఊరు దాటిపోతుంది. మిగిలింది 9 లక్షలు. గుణకం 1.5 ఇచ్చేద్దాం, ఉదారంగానే. పదమూడున్నర లక్షలు.

రెండు కోట్లు పదమూడున్నర లక్షలయ్యాయి. ఇంకా ప్రభుత్వం ఇచ్చిన గ్రాంటు తీసెయ్యలేదు. గుణకం గ్రాంటుకూ ఉంటుందని మరవకండి: ఆ సొమ్ము బడికో రోడ్డుకో పెట్టినా అదీ చేతులు మారేదే. “2 వేల ఉద్యోగాలు” అన్న మాటా ఇలాంటిదే. పది రోజుల పనా, ఏడాది పనా అని అడగండి.

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. ఐదు కోతలూ ఏడు నిమిషాల్లో వరసగా చదివేస్తారు, జడ్జి రెండో దానికే కలం ఆపేస్తాడు. రెండు చాలు: ఊరివాళ్ల ఖర్చు, ఊరు దాటిపోయే సొమ్ము. వాటిని రెండు ప్రశ్నలుగా గుర్తుంచుకుంటే కాగితం అక్కర్లేదు: ఎవరి జేబు? ఏ ఊరి గల్లా? ఇంకో మాట. అంకెను తగ్గించినంత మాత్రాన ఉత్సవం దండగ అని రుజువైపోదు. “లాభం చెప్పినంత లేదు” అన్నది ఒక వాదన, “కాబట్టి వద్దు” అన్నది ఇంకొకటి. రెండోదానికి వేరే కారణం చూపాలి.

సమర్థించేవాళ్లకు సలహా: ఆదాయం వాదన జోలికే పోకండి. బాగా సిద్ధమైన ప్రత్యర్థి ముందు అది నిలబడటం అరుదు. సంస్కృతిని సంస్కృతిగానే సమర్థించండి. తాము వెళ్లకపోయినా మ్యూజియం ఊళ్లో ఉండాలని కోరుకునేవాళ్లు, పిల్లల కోసమైనా ఉండనివ్వాలనేవాళ్లు ఉంటారు. టికెట్ అమ్మకాల్లో కనపడని ఈ విలువను సర్వేల ద్వారా కొలిచే పద్ధతులు ఆర్థికశాస్త్రంలోనే ఉన్నాయి. దానికి ఆర్థికవేత్తలు బౌమోల్, బోవెన్ 1966లో చెప్పిన కారణం కలపండి: నలుగురు వాయించే కచేరీకి రెండు వందల ఏళ్ల కిందట ఎంత సేపు, ఎందరు మనుషులు కావాలో ఇప్పుడూ అంతే కావాలి. ఫ్యాక్టరీలో ఉత్పాదకత పెరిగి జీతాలు పెరిగితే కళాకారుడి జీతమూ పెరగాలి, అతని ఉత్పత్తి మాత్రం పెరగదు. అందుకే ప్రదర్శన కళల ఖర్చు మిగతావాటి కన్నా వేగంగా పెరుగుతుంది. నిర్వహణ చేతకానితనానికీ దీనికీ సంబంధం లేదు. ఈ ఒక్క ముక్క సరిగ్గా చెప్పగలిగితే “వాళ్ల కాళ్ల మీద వాళ్లు నిలబడలేరా” అన్న ప్రశ్నకు జవాబు దొరికినట్టే.

అభ్యాసం, ఈసారి కొంచెం బరువే. మోషన్: “దేశీయ సినిమాలకు థియేటర్లలో కోటా ఉండాలి.” తీసుకోవలసిన ఉదాహరణ దక్షిణ కొరియా. అమెరికాతో వాణిజ్య ఒప్పందం చర్చల నేపథ్యంలో 2006లో అక్కడ కోటాను, అంటే థియేటర్లు దేశీయ సినిమాలు ఆడించి తీరాల్సిన రోజుల్ని, ఏడాదికి 146 నుంచి 73కి తగ్గించారు. తగ్గించేనాటికే టికెట్ అమ్మకాల్లో కొరియా సినిమాల వాటా సగం దాటి ఉంది. దాన్ని “కోటా వల్లే పెరిగాయి” అనీ వాదించొచ్చు, “కోటా అక్కర్లేని స్థితికి వచ్చాయి” అనీ వాదించొచ్చు.

రెండు పక్షాలకూ చెరో ఏడు నిమిషాల ప్రసంగం రాయండి. పదిహేను నిమిషాల తయారీ, గడియారం పెట్టుకుని. తర్వాత ఒక్కో ప్రసంగంలోనూ “వల్ల” అన్న ప్రతిచోటా గీత గీసి, అదే ఫలితానికి ఉండగల ఇంకో కారణం పక్కన రాయండి. అలాంటి చోట్లు మూడు కూడా దొరకలేదంటే మీరు ఇంకా వాదన రాయలేదు, వ్యాసం రాశారు, మళ్లీ రాయండి. చివరగా ఒక్కో ప్రసంగం మీద మూడు పాయింట్ ఆఫ్ ఇన్ఫర్మేషన్లు, ఒక్కోటీ గట్టిగా చదివితే పదిహేను సెకన్లు దాటకూడదు. ఖండన మొదలుపెట్టేది వాటి మీద నుంచే, కాబట్టి ఐదో పాఠానికి ఆ ఆరు ప్రశ్నలూ దగ్గర పెట్టుకోండి.